సోమవారం నుంచి సెట్‌లో అప్రెంటిస్‌ని, క్లాపూ కంటిన్యుటీ నా మీద పెట్టారు. అసలేం చెయ్యాలి?

కొత్తక్లాప్:

అందరికీ నమస్కారం. మాది తణుకు. మెకానికల్ బీటెక్ చేసి, ఏడాదిన్నర ఒక కంపెనీలో పనిచేసి మానేశాను. (ఇంట్లో గొడవ ఇంకా నడుస్తోంది, అది వేరే కథ.) ఎనిమిది నెలలుగా హైదరాబాద్ కృష్ణానగర్‌లో ముగ్గురం కలిసి రూములో ఉంటున్నాం. తిరగ్గా తిరగ్గా మొత్తానికి ఒక సినిమాకి డైరెక్షన్ డిపార్ట్‌మెంట్‌లో అప్రెంటిస్‌గా తీసుకున్నారు. సోమవారం ఫస్ట్ షెడ్యూల్ మొదలు. వికారాబాద్ దగ్గర ఒక పాత ఇంట్లో, పొద్దున ఆరింటికి కాల్‌షీట్.

నిన్న ఆఫీసులో కో-డైరెక్టర్ గారు బౌండ్ స్క్రిప్టు చేతిలో పెట్టి "క్లాపు, కంటిన్యుటీ నువ్వు చూస్కో" అని కారెక్కి వెళ్లిపోయారు. షార్ట్ ఫిల్ములు రెండు తీశాను గానీ అక్కడ నేనే డైరెక్టర్ని, నేనే కెమెరా, టీ కూడా నేనే పెట్టేవాణ్ణి. ఇక్కడ లిస్టు చూస్తే నూటయాభై మంది. ఎవరు ఏం చేస్తారో, ఎవర్ని ఏం అడగాలో తెలీదు. హీరోయిన్ ముంబై అమ్మాయి, ప్రాంప్టింగ్ (షాట్ నడుస్తుంటే పక్కనుంచి డైలాగు అందించడం) కూడా నేనే చెప్పాల్సి రావచ్చట. డైరెక్షన్ నేర్చుకుందామని వస్తే పలక పట్టుకుని నిలబడే పని ఇచ్చారేంటా అని కొంచెం మనసులో ఉంది, అబద్ధం ఎందుకు. టెన్షన్ అయితే బాగా ఉంది. పెద్దలు చెప్పండి.

పాతనోట్‌బుక్:

తమ్ముడూ, పదమూడేళ్లుగా నాది ఇదే పని. అప్రెంటిస్‌గా మొదలుపెట్టి ఇప్పుడు అసోసియేట్‌ని. డైరెక్టర్ ఎప్పుడవుతావని మాత్రం అడక్కు. మా అమ్మ రోజూ అడుగుతుంది, ఆవిడకే ఇంకా జవాబు చెప్పలేదు.

పలక పట్టుకునే పని అన్నావు చూడు, అక్కడ మొదలుపెడదాం. సెట్లో ఉన్న నూటయాభై మందీ రాబోయే షాట్ గురించే ఆలోచిస్తుంటారు. డైరెక్టర్, కెమెరామన్, ఆర్ట్ వాళ్లు, అందరూ. అయిపోయిన షాట్ గురించి ఆలోచించేవాడు ఒక్కడే ఉంటాడు, వాడివి నువ్వు. నిన్న సాయంత్రం హీరో ఏ చేత్తో తలుపు తీశాడో ఇవాళ సెట్లో ఎవరికీ గుర్తుండదు, ఉండనక్కర్లేదు కూడా. నీకుండాలి. షాటుకీ షాటుకీ మధ్య ఏదీ మారిపోకుండా చూసుకునే ఆ పనే కంటిన్యుటీ.

సోమవారం ఎలా ఉంటుందో చెప్తా. ఆరింటికి కాల్‌షీట్ అంటే ఆరింటికి బయల్దేరడం కాదు. ప్రొడక్షన్ వ్యాన్ నాలుగుంపావుకే కృష్ణానగర్‌లో ఎక్కించుకుంటుంది. వ్యాన్‌లో ఎవరూ మాట్లాడరు, అందరిదీ నిద్రే. నువ్వు మాత్రం ఆ రోజు తీసే సీన్లు రెండుసార్లు చదువుకో. దిగేసరికి టిఫిన్ రెడీగా ఉంటుంది. ఇడ్లీ, వడ, పొంగల్ ఏదుంటే అది తినేసెయ్. "షాట్ అయ్యాక తింటాలే" అన్నవాడికి ఒంటిగంట బ్రేక్ దాకా మంచినీళ్లే గతి.

ఒక మాట ముందే చెప్పాలి. మన దగ్గర యూనిట్ అంటే రెండర్థాలు. మొత్తం టీముని యూనిట్ అంటాం, లైట్లూ స్టాండ్లూ ట్రాలీ జనరేటర్ తెచ్చేవాళ్లనీ యూనిట్ అనే అంటాం. నా మొదటి రోజు మేనేజర్ "యూనిట్ వచ్చిందా?" అంటే చుట్టూ జనం కనపడుతున్నారు కదాని "అందరూ వచ్చేశారు సార్" అన్నా. లైట్ల లారీ అప్పటికి దారిలో మొయినాబాద్ కూడా దాటలేదు. నా మాట నమ్మి ఆర్టిస్టులకి మేకప్ మొదలుపెట్టించారు. రెండు గంటలు వాళ్లు మేకప్‌తో చెట్టుకింద కూర్చున్నారు.

ఎవరు ఎవరికి చెప్తారన్నది మొదటి గంటలోనే అర్థమైపోతుంది. డైరెక్టర్ షాట్ చెప్తాడు. కెమెరామన్ దాన్ని ఎటునుంచి, ఏ లెన్సుతో తీయాలో చూసుకుని గ్యాఫర్‌కి, అంటే లైట్ల టీము పెద్దకి చెప్తే లైట్‌మెన్ లైట్లు లాగుతారు. ఈలోపు ఆర్ట్ వాళ్లు గోడకి క్యాలెండర్ తగిలిస్తుంటారు, కాస్ట్యూమర్ చొక్కా ఇస్త్రీ చేయిస్తుంటాడు, కెమెరా ఫోకస్ చూసుకునే ఫోకస్ పుల్లర్ టేపు పట్టుకుని దూరాలు కొలుచుకుంటుంటాడు. ఇన్ని పనులూ ఒకే టైముకి పూర్తయ్యేలా తోలేది కో-డైరెక్టర్. డైరెక్టర్ సినిమాని నడిపితే, ఆయన సెట్టుని నడుపుతాడు. అందుకే కారెక్కి వెళ్లిపోయాడని తప్పుగా అనుకోకు, ఆయనకి అప్పటికే ఇరవై ఫోన్లు వచ్చి ఉంటాయి. నీకేం డౌటొచ్చినా ఆయన్నే అడుగు. డైరెక్టర్ దగ్గరికి నేరుగా వెళ్లకు. ఒక్క సందర్భంలో వెళ్లొచ్చు, కింద చెప్తా. కార్లు, భోజనాలు, బ్యాటా (రోజువారీ ఖర్చుల డబ్బు), అన్నీ మేనేజర్ చూసుకుంటాడు. అవి నీ నోటితో ఎవరికీ హామీ ఇవ్వకు.

క్లాపు సంగతి. బొమ్మకీ శబ్దానికీ లంకె పెట్టడానికే ఆ చప్పుడు. పలక మీద సీన్ నంబరు, షాట్ నంబరు, టేక్ నంబరు రాస్తావు, గట్టిగా చదువుతావు, కొట్టి పక్కకి తప్పుకుంటావు. పక్కకి తప్పుకోవడమే అసలు విద్య. ఎటు తప్పుకోవాలో, ఎక్కడ కూలబడాలో కొట్టకముందే చూసి పెట్టుకో. లేకపోతే యాక్షన్ అన్నాక కూడా నువ్వు ఫ్రేములో ఉంటావు. పలక ఎంత దూరంలో పెట్టాలో ఫోకస్ పుల్లర్‌ని అడుగు, "ఏ లెన్సన్నా?" అంటే చాలు, చెయ్యి చూపిస్తాడు. క్లోజప్ అయితే పలక ముఖానికి దగ్గర్లో ఉంటుంది కాబట్టి చిన్నగా కొట్టు. ఏడుపు సీన్‌కి మూడ్‌లో కూర్చున్న నటి చెవి దగ్గర టపీమని కొడితే ఆ కన్నీళ్లు నీ వల్లే వచ్చినట్టుంటాయి. శబ్దం అక్కర్లేని మ్యూట్ షాట్‌కి కర్రల మధ్య వేళ్లు పెట్టి చూపించాలి, కొట్టకూడదు. ముందు కొట్టడం కుదరక షాట్ చివర కొడితే పలక తలకిందులుగా పట్టుకో. ఎడిటింగ్ రూములో వాళ్లకి అదే గుర్తు.

ఇక కంటిన్యుటీ. ఇక్కడ కొంచెంసేపు కూర్చుంటా.

సినిమా వరసలో తీయరని నీకు తెలుసు. తెలియడం వేరు, దానివల్ల వచ్చే తంటా వేరు. నా మూడో సినిమాలో సీన్ 37. హీరో తమ్ముడు గొడవలో దెబ్బ తగిలి చేతికి కట్టుతో ఇంటికొస్తాడు. వాకిట్లోంచి నడిచొచ్చి గుమ్మం ఎక్కేదాకా రాజోలు దగ్గర ఒక పెంకుటింటి ముందు తీశాం. గుమ్మం దాటి లోపలికొచ్చి అమ్మతో మాట్లాడేది హైదరాబాద్‌లో వేసిన సెట్టు. రెండింటికీ మధ్య నలభై రోజులు. సినిమాలో అది ఒక్క అడుగు.

నా నోట్‌బుక్‌లో "చేతికి కట్టు, కొంచెం రక్తం మరక" అని ఉంది. ఏ చేతికో రాయలేదు. ఫోన్లో ఫొటో ఉంది కదా అని ధైర్యం. సెట్లో మేకప్ అసిస్టెంట్ "ఏ చెయ్యి?" అన్నాడు. ఫోన్ తీసి చూపించా. ఫొటోలో కట్టు ఎడమ చేతికుంది. కట్టేశారు. మాస్టర్ షాట్ (సీనంతా వెడల్పుగా తీసేది) అయింది, అమ్మ మీద సజెషన్ (ఎదుటి మనిషి భుజం మీంచి తీసేది) అయింది, క్లోజప్‌లు నడుస్తున్నాయి.

మా కాస్ట్యూమర్ అరవై దాటిన మనిషి, మద్రాసు రోజుల నుంచీ ఉన్నాయన. చొక్కా ఎంత నలిగి ఉండాలో చూద్దామని నా ఫోన్ తీసుకుని, కళ్లజోడు నుదుటి మీదకి నెట్టి, ఫొటో పెద్దది చేసి చూస్తున్నారు. చూసి చూసి, "బాబూ, ఈ చొక్కాకి జేబు కుడివైపెందుకుంది?" అన్నారు.

నాకర్థం కాలేదు. "మగాళ్ల చొక్కాకి జేబు ఎడమ పక్క కుడతారు. అదిగో, అబ్బాయి ఒంటిమీద ఎడమ పక్కే ఉంది. నీ ఫొటోలో కుడి పక్కకెళ్లింది. గుండీలు కూడా తిరగబడ్డాయి చూడు. అద్దంలో తీశావా?"

అద్దం కాదు. రాజోలులో ఆ నటుడితో కలిసి దిగిన సెల్ఫీ. ముందు కెమెరాతో తీస్తే నా ఫోన్లో అద్దంలోలాగే తిరగబడి సేవ్ అయ్యేది. సెల్ఫీలో కట్టు కనపడుతోంది కదా, మళ్లీ వేరే ఫొటో ఎందుకులే అనుకున్నా ఆ రోజు. అంటే కట్టు నిజానికి కుడిచేతికి. మేం అప్పటికి ఐదు షాట్లు ఎడమచేతి కట్టుతో తీసేశాం.

నేరుగా డైరెక్టర్ దగ్గరికి వెళ్లే ఆ ఒక్క సందర్భం ఇదే. కో-డైరెక్టర్ బయటెక్కడో ఉన్నారు, షాట్ రెడీ అంటున్నారు. వాకీటాకీలో అరిచే విషయం కాదు. వెళ్లి చెవిలో చెప్పా, "సార్, కట్టు చెయ్యి మారిపోయింది. తప్పు నాది." ఆయన మానిటర్ మీంచి చూపు తిప్పలేదు. కాసేపాగి "ఎన్ని?" అన్నారు. "ఐదు సార్." "అందరికీ టీ ఇమ్మనండి. మొదట్నుంచి చేద్దాం." అంతే. ఆరింటికి ప్యాకప్ అవ్వాల్సింది ఎనిమిదిన్నరకి అయింది. ఆ సాయంత్రం లైట్‌మెన్ ఒక్కొక్కరూ నా పక్కనుంచి వెళ్తూ కుడిచెయ్యి ఒకసారి, ఎడమచెయ్యి ఒకసారి ఊపి మరీ వెళ్లారు. సినిమా పూర్తయి గుమ్మడికాయ కొట్టేదాకా నా పేరు కుడెడమే.

అందుకని, సెల్ఫీ వద్దు. వెనక కెమెరాతో ముందు, వెనక, రెండు పక్కలు, నాలుగు ఫొటోలు తీయి. వీలైతే క్లాపు బోర్డు కూడా అందులో పడేలా చూసుకో, తర్వాత ఏ సీనో వెతుక్కోనక్కర్లేదు. కుడి, ఎడమ అని ఊరికే రాయకు. ఆర్టిస్టు కుడా, కెమెరా కుడా? ఆర్టిస్టు నీకెదురుగా ఉంటాడు కాబట్టి రెండూ తలకిందులు. నేను ఇప్పటికీ "ఆ.కు", "కె.కు" అని రాస్తా. బట్టలకంటే కష్టమైంది చేష్ట. ఏ మాట మీద గ్లాసు ఎత్తింది, ఏ మాట మీద పక్కకి తిరిగింది, అది స్క్రిప్టులో ఆ డైలాగు మీదే పెన్సిల్‌తో గీత గీసి పెట్టుకో. మాస్టర్‌లో "నాన్నకి చెప్పొద్దు" అన్నాక గ్లాసు ఎత్తి, క్లోజ్‌లో అనకముందే ఎత్తితే ఎడిటర్ రెండూ అతికించలేడు. ఆ గొడవ ఎడిటింగ్‌లో బయటపడ్డాక ఫోన్ నీకే వస్తుంది. గోడ గడియారం, ఫ్యాను తిరుగుతోందా లేదా, కర్టెన్, అగరుబత్తి ఎంత కాలింది, ఇలాంటివన్నీ ఆర్ట్ వాళ్లు చూసుకుంటారు గానీ, అడిగేది నిన్నే.

మా గురువుగారి రోజుల్లో ఫిల్ము. కెమెరాకి 400 అడుగుల మ్యాగజైన్ (ఫిల్ము చుట్ట ఉండే డబ్బా) వేస్తే నాలుగున్నర నిమిషాలు కూడా వచ్చేది కాదు. తప్పు చేస్తే ప్రొడ్యూసర్‌కి అడుగుల లెక్కన తెలిసిపోయేది. ఇప్పుడు మెమరీ కార్డు కాబట్టి ఎవరికీ నొప్పి తెలీదు, ఎన్ని టేకులైనా తీసేస్తారు, దాంతో నువ్వు రాయాల్సింది పెరిగింది. ఏ టేక్ ఓకే, ఏది ఎన్జీ (నో గుడ్, పనికిరానిది), ఎందుకు ఎన్జీ, ఎడిటర్‌కి వెళ్లే షీటులో రాయి. "ఎన్జీ" అని వదిలేస్తే ఎడిటర్‌కి ఉపయోగం లేదు. "ఎన్జీ, ఫోకస్" అనో "ఎన్జీ, చివరి మాట తప్పింది, ముందు సగం బాగుంది" అనో రాయి. ఆ ముందు సగమే ఒక్కోసారి సినిమాలో ఉంటుంది.

ప్రాంప్టింగ్. కెమెరా పక్కన, ఆవిడ లుక్ ఎటుందో అటు నిలబడి డైలాగు చిన్న ముక్కలుగా అందించాలి. ముందురోజు రాత్రే డైలాగు హిందీ అక్షరాల్లోనో ఇంగ్లిష్ అక్షరాల్లోనో రాసి పంపు. అర్థం కూడా చెప్పు. అర్థం తెలియకపోతే తిట్టుని కూడా నవ్వుతూ చెప్తుంది, ఆవిడ తప్పు కాదు. డబ్బింగ్ వేరేవాళ్లు చెప్తారు కదా అని గాలికొదిలేయకు. పెదాలు ఒత్తుల దగ్గర కలవకపోతే డబ్బింగ్ ఆర్టిస్ట్ ప్రాణం తోడేస్తుంది. ఇంకో మాట, నువ్వెలా పలికితే ఆవిడ అలాగే పలుకుతుంది. నీ తణుకు యాస వరంగల్ పిల్ల పాత్రకి అంటగట్టకు.

ప్యాకప్ అంటే అందరికీ ప్యాకప్, నీకు కాదు. రేపటి సీన్లకి ఏం ప్రాపర్టీ (సీన్లో వాడే వస్తువులు) కావాలో ఆర్ట్ వాళ్లకి, ఎవరెవరు ఎన్నింటికి రావాలో మేనేజర్‌కి, షీటులు ఎడిటింగ్‌కి అందించాలి. రూముకొచ్చేసరికి తొమ్మిదవుతుంది. డబ్బు గురించి నువ్వు అడగలేదు గానీ చెప్తా. అప్రెంటిస్‌కి పెట్రోలు డబ్బులొస్తే గొప్ప. నెల నెలా వస్తుందని లెక్కేసుకుని అప్పు చెయ్యకు.

డాలస్‌బాబాయ్:

ఒక సందేహం, తప్పుగా అనుకోకండి. మేం ఇక్కడ వీకెండ్లలో ఐదుగురం కలిసి నలభై నిమిషాల సినిమా తీశాం, యూట్యూబ్‌లో పెట్టాం. నూటయాభై మంది నిజంగా అవసరమా? సగం మంది కుర్చీలు మొయ్యడానికే ఉంటారని విన్నాను.

పాతనోట్‌బుక్:

బాబాయ్, మీ సినిమా చూశాను, లింకు ఇంతకుముందు మీరే పెట్టారు. బాగుంది. కాకపోతే వంటింటి సీన్లో కిటికీలో ఎండ ఉంది, అదే సంభాషణలో రెండో మనిషి వెనక చీకటి పడిపోయింది. మీ ఐదుగురిలో కిటికీ బయట లైటు పెట్టేవాడు లేడు, చీకటి పడుతోందని చెప్పేవాడూ లేడు. కుర్చీలు మోసేవాళ్ల మాట మాత్రం నిజమే, ఆ కుర్చీలు ఎవరివో చెప్పి ఉద్యోగం పోగొట్టుకోలేను.

లైట్‌ఆఫ్:

నేను లైట్‌మన్‌ని. ఇరవై రెండేళ్ల సర్వీసు. కుడెడమ అన్న ఎవరో నాకు తెలుసు, నేను ఆ సినిమాకి చేశాను, చెయ్యి ఊపినవాళ్లలో నేనూ ఉన్నా.

అన్న అంతా చెప్పాడు గానీ కాళ్ల కింద చూసుకోమని చెప్పలేదు. తమ్ముడూ, సెట్లో నడిచేటప్పుడు ఫోన్ చూడకు. కేబుల్ తట్టుకుంటే నువ్వు పడతావు, నీ వెనక స్టాండు పడుతుంది, దాని మీద లైటు ఉంటుంది. స్టాండుకి ఆనుకోకు. ఇసుక సంచి తీసి దాని మీద కూర్చోకు, అది కూర్చోడానికి పెట్టింది కాదు. మా లైన్లో ఫోన్ చార్జర్ పెట్టకు. కొత్త అసిస్టెంట్లందరూ చేసే పని అదే, ప్లగ్గు ఖాళీగా కనపడితే చాలు.

"పది నిమిషాలు గ్యాపుంది కదా, లైటు ఆపండన్నా" అని నీ అంతట నువ్వు చెప్పకు. పాత హెచ్‌ఎంఐ లైటు (పగటి వెలుగునిచ్చే పెద్ద లైటు) ఒకసారి ఆపితే చల్లారేదాకా మళ్లీ వెలగదు. అప్పుడు షాట్ రెడీ అని ఎవరెంత అరిచినా అది వినదు. ఆపాలా వద్దా గ్యాఫర్ చూసుకుంటాడు.

చొక్కా ముదురు రంగుది వేసుకురా, నలుపో నీలమో. ప్రాంప్టింగ్ చెప్పేటప్పుడు ఆర్టిస్టుకి దగ్గరగా నిలబడతావు. నువ్వు ఎర్ర టీషర్టులో ఉంటే ఆ ఎరుపు పోయి ఆవిడ చెంపకి కొడుతుంది. కెమెరామన్ తల పట్టుకుని ఎక్కణ్ణుంచి వస్తోందా అని అన్ని లైట్లూ మార్పిస్తాడు. మాకు పని, నీకు తిట్లు. ఒక సెట్లో అరగంట వెతికి చివరికి బకెట్ దొరికింది. ప్రొడక్షన్ వాళ్ల ఎర్ర బకెట్, ఎండలో పెట్టారు.

డబ్బు మాటొచ్చింది కాబట్టి. 2025 ఆగస్టులో కూలి 30 శాతం పెంచమని మేం సినిమా కార్మికులం పద్దెనిమిది రోజులు షూటింగులు ఆపాం. చివరికి మూడేళ్లలో విడతలుగా 22.5 శాతానికి కుదిరింది. బయటివాళ్లు మమ్మల్ని చాలా అన్నారు. ఆ పద్దెనిమిది రోజులూ మాకూ కూలి లేదు, ఆ మాట ఎవరూ అనలేదు. మాకు యూనియన్ ఉంది, టైము దాటితే లెక్క మారుతుంది. నీలాంటి అప్రెంటిస్‌కి ఏ లెక్కా లేదు. కాబట్టి నీ ఆరోగ్యం నువ్వే చూసుకో. నీళ్లు తాగు.

పాపిడి:

నేను హెయిర్ డ్రెస్సర్‌ని. ఇక్కడ అన్నయ్యలే మాట్లాడుతున్నారు కాబట్టి నా మాట కూడా రాస్తున్నా.

బాబూ, నువ్వు ఫొటో తీసేటప్పుడు వెనకనుంచి జడ తీయడం మర్చిపోకు. కొత్తవాళ్లందరూ ముఖమే తీస్తారు. పాపిడి మధ్యలో తీశానా పక్కకి తీశానా, చెవి దగ్గర ఒక పాయ వదిలానా లేదా, పూలు ఎన్ని మూరలు, అన్నీ నా బుక్కులోనూ ఉంటాయి. కానీ నాకు జ్వరమొచ్చి వేరే అమ్మాయి వచ్చిన రోజున నీ ఫొటోయే దిక్కు.

మల్లెపూలతో పెద్ద చిక్కు. పొద్దున మొగ్గలుగా పెడతాం. సాయంత్రానికి అవి విచ్చుకుంటాయి. సీనులో మాత్రం గడిచింది రెండు నిమిషాలే. అందుకే నేను దండ రెండు ముక్కలుగా తెప్పించి, ఒకటి తడిగుడ్డలో చుట్టి ప్రొడక్షన్ వాళ్ల ఐస్ బాక్సులో పెడతా. కూల్‌డ్రింకుల కోసం చెయ్యి పెట్టినవాళ్లు తీసి బయట పడేస్తుంటారు. ఆ సీన్లు ఎప్పుడు తీస్తారో నువ్వు ముందే చెప్తే, పూలున్న షాట్లన్నీ ఒక పూటే తీయమని కో-డైరెక్టర్ గారిని నేనే అడుగుతా. ఇలాంటి ముక్క మాదాకా తెచ్చే అసిస్టెంట్ దొరకడం అదృష్టం.

"రేపు మేడమ్‌కి ఆరింటికి షాట్" అని నువ్వు రాత్రి తొమ్మిదింటికి మెసేజ్ పెడతావు. ఆవిడకి జుట్టు, మేకప్ కలిపి గంటన్నర. అంటే నేను నాలుగున్నరకి అక్కడ దువ్వెన పట్టుకుని ఉండాలి, రెండున్నరకి లేవాలి. రాత్రి తొమ్మిదికి చెప్పే బదులు సాయంత్రం ఆరింటికే చెప్పగలిగితే చెప్పు, ఇంట్లో పిల్లకి టిఫిన్ ఏర్పాటు చేసుకుంటాం.

ఇంకొకటి, రాయాలా వద్దా అనుకుంటూనే రాస్తున్నా. లొకేషన్‌కి వెళ్లగానే అక్కడ ఆడవాళ్లకి బాత్రూమ్ ఎక్కడుందో కనుక్కో. కారవాన్లు పెద్ద ఆర్టిస్టులకి. మేం, కాస్ట్యూమ్‌లో పనిచేసే ఆడపిల్లలు, జూనియర్ ఆర్టిస్టులు ఎక్కడికెళ్తాం? ఒకసారి పొలాల్లో పన్నెండు గంటల షూటింగ్. ఆ కంపెనీ వాళ్లు ఏ ఏర్పాటూ చెయ్యలేదు. నేను పొద్దున్నుంచీ నీళ్లు తాగలేదు, సాయంత్రానికి కళ్లు తిరిగి పడ్డా. ముందుగా లొకేషన్ చూసే రెక్కీకి వెళ్లినవాళ్లందరూ మగవాళ్లే, ఎవరికీ ఆ ఆలోచనే రాలేదు. తర్వాత ఒక సినిమాలో ఒక అప్రెంటిస్ అబ్బాయి నాకంటే ముందే పక్కింటావిడతో మాట్లాడి ఒప్పించి పెట్టాడు. ఇప్పుడతను కో-డైరెక్టర్. పిలిస్తే వేరే సినిమా వదులుకుని అయినా వెళ్తా.

కొత్తక్లాప్:

అన్నలూ, అక్కా, అందరికీ థాంక్స్. సోమవారం అయింది. రాత్రి పదకొండు దాటింది, ఒళ్లు పులిసిపోయింది గానీ రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

నల్ల చొక్కా వేసుకెళ్లా. వ్యాన్‌లో సీన్లు చదివా. కెమెరాకి పూజ చేసి కొబ్బరికాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. మొదటి క్లాపు ఎవరో పెద్దాయన కొట్టారు, నేను కొట్టలేదు. రెండోది నేనే. సీన్ 12, షాట్ 2, టేక్ 1 అనాల్సింది గొంతు పట్టేసి "సీన్ ట్వెల్వ్" దగ్గరే ఆగిపోయా, అందరూ నవ్వారు. పక్కకి తప్పుకోవడం మాత్రం బాగా చేశా, అన్నం పెట్టే గది గుమ్మం వెనక్కి.

ప్రాంప్టింగ్ ఇవాళ రాలేదు, మేడమ్ బుధవారం వస్తారట. బాత్రూమ్ సంగతి వెళ్లగానే ఇంటి ఓనరు గారి భార్యని అడిగా. ఆవిడ వెనకవైపు తాళం తీసి ఇచ్చారు. హెయిర్ డ్రెస్సర్ గారికి చెప్తే ఆవిడ నా వంక వింతగా చూసి, మధ్యాహ్నం భోజనంలో వాళ్లింటి నుంచి తెచ్చిన గోంగూర పచ్చడి వేశారు. (మీరేనా అక్కా?)

ఒక తప్పు దొరికింది, నా తప్పు కాదు. సీన్ 12లో తాతగారి పాత్ర టీ తాగుతుంటే కూతురొచ్చి మాట్లాడుతుంది. లంచ్ తర్వాత క్లోజ్‌కి ప్రొడక్షన్ బాయ్ కొత్త గ్లాసు నిండా టీ తెచ్చి పెట్టాడు. మాస్టర్‌లో ఆయన అప్పటికే తాగి ఉన్నారు. నా నోట్‌బుక్‌లో "గ్లాసు సగం" అని రాసి ఉంది. వెళ్లి కో-డైరెక్టర్ గారికి చెప్పా. ఆయన ఏమీ అనకుండా గ్లాసు తీసుకుని సగం పారబోసి పెట్టారు. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. షీటులు పంపేశా. పొద్దున నాలుగుంపావుకి వ్యాన్.

పాతనోట్‌బుక్:

శభాష్. గ్లాసు సగం అంటే ఎంత తమ్ముడూ? టీ గ్లాసుకి మధ్యలో గాట్లు ఉంటాయి కదా, వాటికి పైనా, కిందా? ఆ సీను మిగతా సగం రేపు తీస్తారు. ఇప్పుడే ఫోన్లో చూసి రాసుకుని పడుకో. వెనక కెమెరాతోనే తీశావుగా?